మా జేజి పాడిన 'దేవ సంస్తుతి' వరస ఎవరికైనా తెలుసా? మీ మనసులో నిలిచిపోయిన పాత కీర్తన ఏది?

పెన్న ఒడ్డు మనవరాలు:

అందరికీ వందనాలు. మాది జమ్మలమడుగు పక్కన పెన్న ఒడ్డున ఒక పల్లె. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఉంటున్నాను, బడిలో టీచర్‌ని.

పోయిన నెల మా జేజి (నాయనమ్మ) ప్రభువునందు నిద్రించింది. తొంభై దాటిన మనిషి, నిండు బతుకు బతికింది. సమాధుల తోటలో పాస్టర్ గారు "జేజికి ఇష్టమైన పాట ఒకటి పాడండమ్మా" అన్నారు. ఆలోచించకుండా 'దేవ సంస్తుతి చేయవే మనసా' అన్నాను. కీబోర్డు వాయించే పిల్లోడు ఫోన్‌లో వెతికి అందుకున్నాడు. పల్లవి అందరికీ వచ్చు, అందరూ పాడారు. కానీ అది మా జేజి వరస కాదు. నా గొంతులో ఒక వరస, చుట్టూ ఇంకో వరస. రెండో చరణం దగ్గర నేను తప్పిపోయాను. నోరు మూసుకుని మట్టి వేసేదాకా అలాగే నిలబడ్డాను. ఆ రోజు నుంచి మనసు మనసులో లేదు.

జేజికి చదువు రాదు. పింఛనుకు వేలిముద్రే. మా అబ్బ (తాత) మిషన్ బడిలో అయ్యవారు. రాత్రిపూట కిరసనాయిలు బుడ్డి ముందు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తెరిచి ఒక్కో చరణం చదివేవాడంట, ఆమె పొయ్యి దగ్గర కూర్చుని తిరిగి చెప్పేదంట. అట్లా యాభై అరవై కీర్తనలు మొత్తం నోటికి వచ్చేశాయి. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉంది. అట్ట లేదు, గోనెదారంతో కుట్టింది. మట్టల ఆదివారం నాటి ఈతాకు సిలువ ఒకటి ఎండిపోయి పేజీల మధ్య ఉంది. ప్రతి పాట పైనా రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి కదా, అబ్బకు ఆ రాగాలేవో తెలియవు. మరి జేజికి ఆ వరస ఎక్కడి నుంచి వచ్చిందో నేను ఏనాడూ అడగలేదు.

ఆమె ఆ పాట పాడేది విసుర్రాయి దగ్గర. తెల్లవారుజామున జొన్నలు విసిరేది. కుడిచేత్తో పిడి పట్టుకుని తిప్పేది. 'దేవ సంస్తుతి' అన్నప్పుడు పిడి తన వైపు వచ్చేది, 'చేయవే' అన్నప్పుడు అవతలికి పోయేది. 'మనసా' దగ్గర మాత్రం ఒక పూర్తి చుట్టు లాగేది. ఎందుకంటే అక్కడే ఎడమచేత్తో పిడికెడు జొన్నలు తీసి రాయి నోట్లో పోసేది. పిడికిలి ఖాళీ అయ్యేదాకా ఆ 'మనసా' సాగేది. గింజలు అయిపోతే ఊపిరి అయిపోయేది, మళ్లీ 'దేవ సంస్తుతి'. నేను ఫోన్‌లో విన్న ఏ పాటలోనూ ఆ లాగుడు లేదు.

ఇంకొకటి చెప్పాలి, ఇది చెప్పకపోతే నేను ఎందుకు అడుగుతున్నానో అర్థం కాదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా చిన్నాయన కామెర్లతో పోయాడు. పంతొమ్మిదేళ్ల పిల్లోడు. జేజి ఆ తర్వాత ఎనిమిది నెలలు పాడలేదు. గుడికి వచ్చేది, చాపమీద కూర్చునేది, పెదవి కదిలించేది కాదు. ఎవరూ ఏమీ అనలేదు. ఇంట్లో తెల్లవారుజామున రాయి చప్పుడొకటే వినపడేది. ఆ ఉత్త చప్పుడుకు భయమేసి నేను దుప్పటి ముసుగు కప్పుకునేదాన్ని.

ఎండాకాలంలో ఒకరోజు గడప మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నా. లోపలి నుంచి మాటలు లేకుండా వరస ఒక్కటే వినపడింది, ముక్కుతో. కాసేపటికి మాటలు వచ్చాయి. దేవుడు చేసిన మేళ్లు మరవకు అని మనసుకు చెప్పుకునే చోటు వచ్చేసరికి రాయి ఆగింది. తొంగి చూశాను. జేజి రాయి అంచున పడిన పిండిని కొంగుతో లోపలికి తోస్తోంది, మెల్లగా, చుట్టూతా, ఒక్క రేణువు పోనీయకుండా. తర్వాత మళ్లీ పల్లవి నుంచి మొదలుపెట్టింది. ఆ రోజు ఆ మాట దాటి ముందుకు పోలేదు. మరునాడు పోయింది.

ఆ కీర్తన బైబిల్‌లో 103వ కీర్తన నుంచి తీసుకున్నదని నాకు పెద్దయ్యాక తెలిసింది. మనిషి ఆయుష్షు గడ్డిలాంటిది, అడవిపువ్వులా పూస్తాడు, గాలి వీస్తే లేకుండా పోతాడు, తర్వాత ఆ చోటు కూడా వాడిని ఎరగదు అని అందులో ఉంది. పంతొమ్మిదేళ్ల కొడుకును మట్టిలో పెట్టిన తల్లి ఆ పాటను ఎట్లా మోసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

కడప, కర్నూలు, అనంతపురం వైపు వాళ్లలో ఈ వరస విన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? అలాగే మీ ఇంట్లో ఏ పాత కీర్తన ఎవరి గొంతులో మిగిలిందో కూడా చెప్పండి. నాకు అది కూడా వినాలని ఉంది.

హార్మోనియం పెట్టె (నంద్యాల):

అమ్మా, వందనాలు. నలభై ఏళ్లుగా గుడిలో హార్మోనియం వాయిస్తున్నాను, అందుకే ముందుగా రాస్తున్నా.

మీ వరస నాకు తెలియదు. కానీ అది ఎందుకు వేరుగా ఉందో చెప్పగలను. మన సీమలో పుస్తకం ఒకటే అయినా గొంతులు వేరు. కడప వైపు లండన్ మిషన్ వాళ్లు 1822లోనే వచ్చారు. జమ్మలమడుగు, గుత్తి అంతా వాళ్ల పనే. మా నంద్యాల వైపు ఎస్.పి.జి. అనే ఇంగ్లండు మిషన్ వాళ్లది, ఆంగ్లికన్ పద్ధతి. కర్నూలు అమెరికన్ బాప్టిస్టులది. 1947 సెప్టెంబరు 27న సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడినప్పుడు మీ వైపు సంఘాలు అందులో కలిశాయి. నంద్యాల డయాసిస్ (ఇక్కడి బిషప్ కింది సంఘాలు) 1975లో గానీ చేరలేదు. అన్నేళ్లు ఎవరి గుడిలో వాళ్లు పాడుకున్నారు. మా గుళ్లో ఆర్గన్‌తో, నిలబడి, నిదానంగా. పల్లెల్లో రాత్రి భజన, తబలా, కంజర, తాళాలు. ఒకే కీర్తన మా నాయన గుడిలో ఒక రకంగా పాడి, రాత్రి పల్లెలో ఇంకో రకంగా పాడేవాడు. రెండూ నిజమైన పాటలే.

పుస్తకంలో పాట పైన రాగం పేరు ఉంటుంది కానీ స్వరం రాసి ఉండదు. పల్లవి, అనుపల్లవి, చరణం, చివర పల్లవి ఎత్తుకోమని రెండు నిలువు గీతల మధ్య మొదటి మాట, అంతే. కాబట్టి వరస మొత్తం మనిషి నుంచి మనిషికి రావలసిందే. ఒక ఊళ్లో బాగా పాడే మనిషి పోతే ఆ ఊరి వరస పోయినట్టే. నేను చూస్తుండగా మా చుట్టుపక్కల కొన్ని అట్లా పోయాయి, అది తలచుకుంటే నాకు బాధ.

మీ వివరణ చదివాక ఒకటి అనిపిస్తోంది. పల్లవి చివర ఒక తాళం చుట్టు మొత్తం సాగదీసి మళ్లీ ఎత్తుకోవడం పని పాటల లక్షణం. దంపుళ్ల పాటలో, విసుర్రాయి పాటలో అట్లాగే ఉంటుంది. మీ జేజి గుడిలో విన్న పాటను తన చేతిపనికి సరిపోయేలా మార్చుకుని ఉండొచ్చు. అప్పుడు ఆ వరస గుళ్లో వెతికితే దొరకదు. ఆమెతో పాటు విసిరినవాళ్లను అడగండి. మీ జేజికి కూతుళ్లు ఎవరైనా ఉన్నారా?

నా సొంత పాట అడిగారు. 'దేవుడే నాకాశ్రయంబు'. బైబిల్‌లో 46వ కీర్తన. పర్వతాలు కదిలినా భయం లేదు అనే పాట. నా పెళ్లయిన ఏడాదే ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పలేక పదిహేను రోజులు టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరి గుడిలో కూర్చునేవాడిని. ఆ పదిహేను రోజులూ వాయించింది ఈ ఒక్క పాటే. పదహారో రోజు ఇంట్లో చెప్పాను.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

అక్కా, మీరు రాసింది చదివి మా అమ్మకు వినిపించాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

మా ఇంటి పాట 'నడిపించు నా నావా'. ఎ.బి. మాసిలామణి గారు రాసింది. ఈ పాట తెలియని తెలుగు క్రైస్తవ ఇల్లు ఉండదనుకుంటా. కానీ మాకు 2009 అక్టోబరు 2 తర్వాత ఆ పాట వేరే అయిపోయింది. కర్నూలు వాళ్లకు ఆ తేదీ చెప్పనక్కరలేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డాయి. మాది పాత టౌన్‌లో కింది ఇల్లు. నీళ్లు మోకాలి దాకా వచ్చేసరికి నాయన, అమ్మ, నేను, చెల్లెలు పక్కింటి భాయి వాళ్ల మిద్దె ఎక్కాము. చేతికందిన బియ్యం సంచి, సర్టిఫికెట్ల ఫైలు తీసుకున్నాం. బైబిలు, పాటల పుస్తకం బీరువాలోనే ఉండిపోయాయి.

కరెంటు లేదు. మిద్దె మీద పాతిక మందిమి. కింద చీకట్లో నీళ్ల చప్పుడు, సామాన్లు గోడలకు కొట్టుకునే చప్పుడు. ఏదో ఇంట్లో గ్యాస్ సిలిండర్ తేలుతూ వచ్చి మా మెట్లకు తగులుతూ ఉండింది, రాత్రంతా ఠంగు ఠంగుమని. భాయి వాళ్ల పెద్దాయన ఒక మూల కూర్చుని దువా చేస్తున్నాడు. మా అమ్మ చెల్లెల్ని ఒళ్లో పెట్టుకుని ఈ పాట మెల్లగా ఎత్తుకుంది. పైకి కాదు, చెల్లెలికి వినపడేంత. పెద్దాయన దువా అయిపోయాక "పాడమ్మా, ఆపొద్దు, పిల్లలు పడుకుంటారు" అన్నాడు. అమ్మ ఎన్నిసార్లు పాడిందో లెక్కలేదు. తెల్లారేసరికి ఆమె గొంతు పోయింది, వారం దాకా రాలేదు.

నీళ్లు తీశాక బీరువాలో పుస్తకం దొరికింది, ఒండ్రు పట్టి ఇటుక మాదిరి. నాయన దాన్ని పారేయనీయలేదు. అదే మిద్దె మీద ఒక్కో పేజీ విడదీసి, గులకరాళ్లు బరువు పెట్టి ఎండబెట్టాడు. ఇప్పటికీ తెరిస్తే బురద వాసన వస్తుంది. పేజీలన్నీ అలలు అలలుగా ఉంటాయి. కొత్త పుస్తకం కొన్నాం కానీ కుటుంబ ప్రార్థనలో అదే తీస్తాం.

ఎర్రనేల (కళ్యాణదుర్గం వైపు):

కర్నూలు తమ్ముడూ, నీ కథ చదివి కళ్లలో నీళ్లు తిరిగినాయి. మీ అమ్మగారికి నా వందనాలు చెప్పు.

ఆ పాట గురించే నేనూ ఒక మాట చెప్తా. చాలామంది దాన్ని తుఫాను పాట అనుకుంటారు. నేనూ అనుకునేవాణ్ని. మా పాస్టరయ్య ఒకసారి చరణాలు చదివి చెప్పాడు, అది తుఫాను ఆపిన కథ కాదు, లూకా 5వ అధ్యాయం అని. పేతురు రాత్రంతా వల వేశాడు, ఒక్క చేప పడలేదు. తెల్లారి వలలు కడుక్కుంటూ ఉంటే ప్రభువు వచ్చి ఆ ఖాళీ పడవే ఎక్కాడు. లోతుకు పో, మళ్లీ వల వెయ్ అన్నాడు. రాత్రంతా కష్టపడినా ఫలం రాలేదనే మాట రెండో చరణంలో ఉంది, చూడండి.

నేను శెనక్కాయ రైతుని. మా నేల సంగతి మీకు తెలుసు కదా. జూన్‌లో వాన పడుతుందని జులై దాకా ఆకాశం చూస్తాం. విత్తనం కొంటాం, వేస్తాం, మొలక వస్తుంది, పూత వస్తుంది. పూత నుంచి కాయ కట్టే ఊడ మట్టిలోకి దిగే టైంకు వాన పోతుంది. చెట్టు పీకితే కింద రెండు కాయలు, అవీ లొట్టలు. ఒకసారి వరసగా మూడేళ్లు అట్లే పోయింది. మూడో ఏడు కాయ పీకినాక కూలోళ్లను పంపించేసి గట్టు మీద కూర్చున్నా. చేతిలో చెట్టు, వేరుకు మట్టి. ఆ పాట వచ్చింది నోటికి. పాడాలని కాదు, అదే వచ్చింది. అపజయ భారం అనే మాట దగ్గర ఇంక గొంతు పెగల్లేదు.

నాకు ఆ పాటలో ఎక్కువ నచ్చింది ఏమంటే, ప్రభువు చేపలు నిండిన పడవ ఎక్కలేదు, ఖాళీ పడవ ఎక్కినాడు. "అయినను నీ మాట చొప్పున వలలు వేతును" అన్నాడు పేతురు. ఆ 'అయినను' అనే మాట రైతుకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. నాలుగో ఏడు మళ్లీ విత్తినా. పండింది కూడా. పండకపోయినా ఆ పాట నాదే అయ్యేది, అది మాత్రం చెప్పగలను.

కడప కీబోర్డు:

అందరికీ ప్రైజ్ ద లార్డ్. నాకు ఇరవై మూడేళ్లు, మా చర్చిలో కీబోర్డు వాయిస్తాను. అక్కా, సమాధి దగ్గర వాయించిన ఆ అబ్బాయి స్థానంలో నేను కూడా ఉండేవాడిని. ఫోన్‌లో ఏ వరస ఉంటే అదే వాయిస్తాం, మాకు ఇంకొకటి ఉందని తెలియదు. చదువుతుంటే గిల్టీగా అనిపించింది.

కానీ నిజాయితీగా ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. పాత కీర్తనల్లో చాలా మాటలు మా వాళ్లకు అర్థం కావు. 'త్రాహిమాం క్రీస్తు నాథా' పాడమంటే యూత్ అందరూ ముఖాలు చూసుకుంటారు. త్రాహిమాం అంటే ఏమిటి, దేహి అంటే ఏమిటి? అర్థం కాని పాట మనసులోకి ఎలా వెళ్తుంది? కొత్త పాటలు మేము మాట్లాడే తెలుగులో ఉన్నాయి, మేము ఏడ్చి పాడే పాటలు మాకూ ఉన్నాయి.

పెన్న ఒడ్డు మనవరాలు:

తమ్ముడూ, కోపం ఎందుకు? ఆ పిల్లోడి మీద కూడా నాకు కోపం లేదు. వాడు ఎండలో కీబోర్డు మోసుకుని, బ్యాటరీ తెచ్చి మా జేజి కోసం వాయించాడు. కొత్త పాటలు నేనూ పాడతాను, సండే స్కూల్ పిల్లలకు నేర్పుతాను.

త్రాహిమాం అంటే 'నన్ను కాపాడు'. దేహి అంటే 'ఇవ్వు'. రెండూ సంస్కృతం. నేను తెలుగు టీచర్‌ని కాబట్టి నాకు తెలుసు. కానీ మా జేజికి ఎట్లా తెలిసిందో చెప్తాను విను. ఎనిమిదో తరగతిలో నేనూ నీలాగే అడిగాను, "జేజీ, త్రాహిమాం అంటే ఏంది?" అని. ఆమె అప్పుడు బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చాట పక్కన పెట్టి, "పెన్న వచ్చినప్పుడు నడి ఏట్లో కాలు జారినోడు చెయ్యి పైకెత్తి ఒక అరుపు అరుస్తాడే, అది" అంది. "దేహి అంటే?" అంటే రెండు చేతులూ కలిపి దోసిలి పట్టి చూపించింది. అంతకంటే మంచి అర్థం నాకు డిగ్రీలో కూడా ఎవరూ చెప్పలేదు.

ఆ పాట రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టారు, శ్రీకాకుళం, గంజాం వైపు మనిషి. 1833లో బాప్తిస్మం తీసుకున్నారు. 1890 దాకా బతికారు. మన సీమ ముఖం చూశారో లేదో, రైలు లేని రోజుల్లో రాసిన పాట అక్కడి నుంచి ఇక్కడికి వచ్చి, అక్షరం రాని మా జేజి నోట్లో పడింది. ఆయన పండితుడి భాషలో రాశారు, నిజమే. ఆమె దాన్ని ఏటి భాషలోకి మార్చుకుంది. నువ్వు నీ గ్రూపులో ఆ పాట మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం ఆ అరుపు గురించి చెప్పి చూడు. తర్వాత వాయించు.

గుంతకల్ రిటైర్డ్:

నాది తెలుగు కీర్తన కాదు, ఇంగ్లీషుది. 'అబైడ్ విత్ మీ'. చెప్పొచ్చు కదా?

మా నాయన రైల్వేలో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవర్ అయ్యాడు. గుంతకల్ రైల్వే కాలనీలో పెరిగాం. ఆదివారం సాయంత్రం ఇంగ్లీషు ఆరాధనకు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు వచ్చేవి, వాళ్లతో పాటు నాయన నన్నూ తీసుకుపోయేవాడు. పొద్దు గూకుతోంది, చీకటి పడుతోంది, నాతో ఉండు ప్రభువా అనే ఆ పాట చివర పాడేవాళ్లు. హెన్రీ లైట్ అనే పాస్టర్ 1847లో రాశాడు, ఆ ఏడాదే చనిపోయాడు. ఇప్పుడు అందరం పాడే ట్యూన్ 1861లో విలియం మంక్ కట్టింది.

అప్పట్లో డ్యూటీకి పిలవడానికి కాల్ బాయ్ వచ్చేవాడు. అర్ధరాత్రి తలుపు కొట్టి, రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకునేవాడు. నాయన లేచి లాంతరు, టిఫిన్ క్యారియర్ తీసుకుని పోయేవాడు. అమ్మకు ఇంగ్లీషు రాదు. నాయన అడుగుల చప్పుడు వినపడనంత దూరం పోయాక ఆ ట్యూన్ ముక్కుతో పాడేది, మాటలు లేకుండా, మళ్లీ నిద్ర పట్టేదాకా. నాయన తిరిగి వచ్చేసరికి ఒక్కోసారి రెండు రోజులయ్యేది.

ఢిల్లీలో రిపబ్లిక్ డే వేడుకల చివర జరిగే బీటింగ్ రిట్రీట్‌లో ఏటా ఈ ట్యూన్ వాయించేవాళ్లు, గాంధీ గారికి ఇష్టమని. జనవరి 29 సాయంత్రం టీవీ ముందు కూర్చునేవాడిని. 2022 నుంచి తీసేశారు. ఇప్పుడు ఆ రోజు నేనే ఇంట్లో మౌతార్గన్ మీద వాయించుకుంటాను. మా ఆవిడ వంటగదిలో స్టవ్ ఆపి వచ్చి కూర్చుంటుంది.

ముద్దనూరు నుంచి:

పెన్న ఒడ్డు మనవరాలు గారూ, మా అమ్మ చెబుతుంటే నేను టైప్ చేస్తున్నాను. ఆమెకు ఎనభై ఒకటి.

అమ్మ అంటోంది: "ఆ వరస నాకు తెలుసు. మా పుట్టింటి ఊళ్లో అట్లే పాడేవాళ్లం. 'మనసా' ఒక చుట్టు పోయేది, నిజమే. అయితే ఆ పాప ఒకటి మరిచిపోయింది. పడమటికి తూర్పు ఎంత దూరమో మన పాపాలు అంత దూరం చేసినాడు అనే చరణం ఉందే, అక్కడ గొంతు పైకి పోవాల. అన్ని చరణాలూ ఒకే తీరు పోతాయి, అదొక్కటే పైకి. ఆడ చేయి మార్చుకుంటాం. కుడిచేయి నొప్పి పుట్టింటాది కదా, ఎడమచేతికి పిడి ఇచ్చి, కుడిచేత్తో గింజలు పోస్తాం. చేయి మారినప్పుడు గొంతు మారుతుంది."

ఇది చెప్పి అమ్మ పాడబోయింది కానీ ఆయాసం ఉంది, పల్లవి దాటలేదు. మీ ఊరి పేరు రాయకపోయినా అమ్మ ఊహించింది. మీ మేనత్తల్లో ఎవరో ఒకరిని అడగమంటోంది, వాళ్లు విసిరినవాళ్లేనంట.

హార్మోనియం పెట్టె (నంద్యాల):

చేయి మారినప్పుడు గొంతు మారుతుంది! నలభై ఏళ్లు వాయించి కూడా నేను ఈ సంగతి వినలేదు. ఆ అమ్మకు నా నమస్కారం. ఆయాసం తగ్గాక రెండు ముక్కలైనా రికార్డు చేయండి బాబూ, దయచేసి ఆలస్యం చేయొద్దు.

పెన్న ఒడ్డు మనవరాలు:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

ముద్దనూరు అమ్మ చెప్పిన మాట చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. చేతులు మార్చుకోవడం నేను చూశాను. వందసార్లు చూశాను. దానికీ పాటకూ ముడి పెట్టుకోలేదు, అంతే.

రెండో శనివారం మా మేనత్త ఇంటికి ఎర్రగుంట్ల పోయాను. ఆమెకు డెబ్బై ఆరు. విసుర్రాయి ఎప్పుడో అమ్మేశారు. "ఊరికే పాడమంటే రాదే" అంది. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ ఫోన్‌లో వినే వరసలోకే జారిపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు ఆమె కోడలు ఒక పని చేసింది. రోకలి బండ పక్కన ఉన్న చిన్న రుబ్బురోలు కడిగి, "ఇది తిప్పు అత్తా" అని ముందు పెట్టింది. అత్త పొత్రం పట్టుకుని ఉత్తదే రెండు చుట్లు తిప్పింది. మూడో చుట్టుకు పాట వచ్చేసింది. అదే వరస. అదే లాగుడు.

పడమటికి తూర్పు ఎంత దూరమో అనే చరణం దగ్గర ఆమె చేయి మారింది. గొంతు పైకి పోయింది. నేను చెప్పలేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. మా జేజి ముఖమే నాకు అక్కడ కనపడింది.

గడ్డి పువ్వు చరణంలో అత్తకు మాటలు తప్పిపోయాయి, చేయి మాత్రం ఆగలేదు. ఆ మాటలు నేను అందుకున్నాను. ఫోన్‌లో ఐదు నిమిషాల రికార్డు ఉంది. మధ్యలో కుక్కర్ రెండు విజిల్స్ వేసింది, కోడలు పరుగెత్తిపోయి ఆపింది, అదీ ఉంది. హార్మోనియం గారూ, మీకు పంపిస్తాను, స్వరం రాసిపెట్టండి. కడప తమ్ముడూ, నీకూ పంపిస్తాను. ముద్దనూరు అమ్మకు నేనే వచ్చి వినిపిస్తాను. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక రానా, ఇంట్లో ఉంటారా?